ఏ రకం ఆపరేషనో చెప్పి సంతకం అడగండి

కృష్ణా జిల్లా స్త్రీవైద్య నిపుణులకు, శస్త్రవైద్యులకు, ప్రైవేటు ఆసుపత్రుల నిర్వాహకులకు బహిరంగ లేఖ



"పిల్లలు పుట్టేశారు, పిల్లల ఆపరేషనూ అయిపోయింది, ఇంక ఆ గర్భసంచితో పనేముంది? ఉంచుకుంటే రేపు క్యాన్సరైనా రావచ్చు. తీయించేసుకుంటే పీడా పోతుంది." బందరులోనూ గుడివాడలోనూ దివిసీమలోనూ ఆసుపత్రి మెట్లెక్కే ముప్ఫై, ముప్ఫై అయిదేళ్ల ఆడవాళ్లకు ఈ మాట కొత్త కాదు. మీరందరూ అంటారని నేననను. అనేవాళ్లను తప్పుపట్టేవాళ్లు కూడా మీలో ఉన్నారు. అయినా ఈ ధోరణి మన రాష్ట్రంలో ఎంత పాతుకుపోయిందో ప్రభుత్వ లెక్కలే చెబుతున్నాయి. దాన్ని ఒప్పుకోలేకే ఈ లేఖ రాస్తున్నాను. మనిషి ఒంట్లోంచి ఒక అవయవాన్ని తీసేసేముందు ఆ కోత దేనికోసమో తేలాలి. ప్రాణం నిలపడానికా, జబ్బు నయం చేయడానికా, బాధ తగ్గించడానికా, జబ్బేమిటో తేల్చుకోవడానికా, రాబోయే జబ్బును అడ్డుకోవడానికా? దానికి జవాబు రోగికి అర్థమయ్యే తెలుగులో, మత్తు ఇవ్వకముందే చెప్పడం మీ బాధ్యత. "పీడా పోతుంది" అన్న మాటలో ఆ జవాబు ఎక్కడుంది?

శస్త్రచికిత్సల్లో రకాలున్నాయని మీకు నేను చెప్పాల్సిన పని లేదు. కోయడం, చీల్చడం, గీకడం, గుచ్చడం, శల్యాన్ని వెదకడం, బయటికి లాగడం, చీమూ రక్తం పోనివ్వడం, కుట్టడం అంటూ సుశ్రుతుడు శస్త్రకర్మను ఎనిమిది విధాలుగా విడదీశాడు. మీరు చదివిన పాఠ్యపుస్తకాలు తొందరను బట్టి, ఉద్దేశాన్ని బట్టి విడదీస్తాయి. ఆ విభజన పరీక్షలో రాసి మరిచిపోవడానికి పెట్టింది కాదు. రోగి హక్కులన్నీ దానిమీదే నిలబడి ఉన్నాయి. గర్భం నాళంలో నిలిచి, అది పగిలి, కడుపులో రక్తం నిండుతున్న మనిషిని నిమిషాల మీద థియేటర్‌లోకి తీసుకెళ్లాలి. పేగుకు చిల్లుపడినా అంతే. కంటి శుక్లం, హెర్నియా, మోకీలు మార్పిడి లాంటివి చాలావరకు తేదీ అనుకుని, షుగరూ బీపీ సరిచూసుకుని, ఇంట్లో మాట్లాడుకుని చేయించుకునేవి. రొమ్ములోని గడ్డ నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపడం జబ్బును నిర్ధారించడానికి. అపెండిక్స్ తీయడం జబ్బును నయం చేయడానికి. క్యాన్సర్ అన్నవాహికను మూసేసినప్పుడు పొట్టలోకి నేరుగా గొట్టం అమర్చడం, ఉన్నన్నాళ్లు ఆ మనిషి పస్తులుండకుండా చూడటానికి. దానివల్ల జబ్బు పోతుందని ఆ కుటుంబాన్ని భ్రమలో ఉంచకూడదు. గ్రహణమొర్రి కుట్టడం, కాలిన చర్మం ముడుచుకుపోయి వంగిన చేతిని సాపు చేయడం రూపాన్నీ పనినీ సరిచేయడానికి. ఉద్దేశాన్ని బట్టి ఎంత ప్రమాదానికి ఒప్పుకోవచ్చన్నది మారుతుంది, ఎంతకాలం ఆగవచ్చన్నదీ మారుతుంది. ఆగడానికి వీలున్న చోట ఆ సమయం రోగిది. ఆ సమయంలో ఆమె ఇంకో డాక్టరును అడగవచ్చు, మందులు వాడి చూడవచ్చు, అసలు వద్దనుకోవచ్చు. ఆగగల ఆపరేషన్‌ను ఆగకూడనిదని చెబితే ఆ మూడు దారులూ ఒక్కసారే మూసుకుపోతాయి.

గర్భసంచి తొలగింపు ఒక్కదానిలోనే ఈ ఉద్దేశాలు చాలావరకు కలిసి ఉన్నాయి. కాన్పు తర్వాత మందులకూ కుట్లకూ లొంగకుండా రక్తం పోతుంటే గర్భసంచి తీసేసి తల్లిని బతికిస్తారు, అది అత్యవసరం. లోపొరలో క్యాన్సర్ తేలితే తీసేస్తారు. అది జబ్బును వేళ్లతో పెకలించడానికి. గర్భసంచి జారి బయటికొచ్చి కూర్చోవడానికీ మూత్రం పోవడానికీ కష్టమైపోతే తీసి, పట్టు సడలిన భాగాన్ని బిగిస్తారు. అది ఒంటి పనిని తిరిగి నిలబెట్టడానికి. పెద్ద గడ్డలుండి, మందులు పనిచేయక, నెలనెలా రక్తం పోయి మనిషి పాలిపోతుంటే తీసేస్తారు; అది బాధ తీర్చడానికి. ఈ సందర్భాల్లో మీ చేతి చలవ వల్ల బాగుపడినవాళ్లు ఈ డెల్టాలో ఎందరో ఉన్నారు. నేనడిగేది ఇంకో మనిషి గురించి. ముప్ఫై రెండేళ్ల కూలిమనిషి తెల్లబట్ట అవుతోందని, నడుము లాగేస్తోందని, పొత్తికడుపు నొప్పని వస్తుంది. స్కానింగ్‌లో గర్భసంచి కాస్త పెద్దదిగా ఉందనో, అండాశయంలో చిన్న నీటిబుడగ ఉందనో రాసి ఉంటుంది. తెల్లబట్ట కొంతవరకు సహజమే. ఇన్ఫెక్షన్ వల్ల వచ్చేది మందులతో పోతుంది. ఆ వయసులో వచ్చే చిన్న నీటిబుడగలు చాలావరకు కొన్ని నెలల్లో వాటంతటవే కరిగిపోతాయి. రోజంతా నడుం వంచి నాట్లు వేసే మనిషికి నడుంనొప్పి రావడానికి గర్భసంచే కారణమని ఎలా తేల్చారు? ఆమెకు చేసే ఆపరేషన్ అత్యవసరమా? కాదు. నయం చేసేదా? అసలు జబ్బేమిటో తేలనేలేదు. అందుకే దానికి "ముందుజాగ్రత్త" అని పేరు పెట్టాల్సి వస్తోంది.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలు మీరు చూసే ఉంటారు. 2019-21 సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3.3 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.7 శాతం. అంతకుముందు 2015-16 సర్వేలో దేశంలో 3.2, మన దగ్గర 8.9. రెండుసార్లు లెక్కపెడితే రెండుసార్లూ దేశ సగటుకు రెండున్నర రెట్లకు పైనే తేలాం. దాదాపు పన్నెండు మంది ఆడవాళ్లలో ఒకరికి, అదీ యాభై ఏళ్లు నిండకముందే. పక్కన తెలంగాణదీ ఇదే వరుస. దేశంలో ఈ ఆపరేషన్లు మూడింట రెండొంతులు జరుగుతున్నది ప్రైవేటు ఆసుపత్రుల్లోనే. మన దగ్గర ఆసుపత్రులు ఎక్కువ, ఆడవాళ్లు ధైర్యంగా వైద్యానికి వస్తున్నారు, అందుకే సంఖ్య పెరిగిందని కొందరంటారు. ఆసుపత్రులు ఊరూరా ఉన్న కేరళలో మరి ఈ శాతం మనకన్నా తక్కువెందుకుంది? తెలుగు నేల మీద పుట్టిన ఆడవాళ్ల గర్భసంచులకే జబ్బులు ఇన్ని రెట్లు వస్తాయని మీ వైద్యశాస్త్రం ఎక్కడైనా చెప్పిందా?

ఇక క్యాన్సర్ భయం. రాబోయే జబ్బును అడ్డుకోవడానికి ఆపరేషన్ చేయడం వైద్యంలో ఉన్నదే, నేను కాదనను. వంశపారంపర్యంగా వచ్చే జన్యులోపం పరీక్షలో తేలిన స్త్రీలు అన్నీ తెలుసుకున్నాక రొమ్ములో, అండాశయాలో తీయించుకుంటారు. ఆ నిర్ణయానికి ముందు జన్యుపరీక్ష ఉంటుంది, కౌన్సెలింగ్ ఉంటుంది, ఆలోచించుకునే గడువు ఉంటుంది. ఏ లోపమూ తేలని మనిషికి "రావచ్చు" అన్న ఒక్క మాటతో చేసేదాన్ని ఆ కోవలో వేయగలమా? మన ఆడవాళ్లను ఎక్కువగా బలితీసుకునే గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్‌కు దాదాపు ప్రతి సందర్భంలోనూ కారణం హెచ్‌పీవీ అనే వైరస్. దానికి టీకా ఉంది. క్యాన్సర్‌గా మారకముందే పసిగట్టడానికి పాప్ స్మియర్ ఉంది, హెచ్‌పీవీ పరీక్ష ఉంది, ఎసిటిక్ ఆమ్లం రాసి కంటితో చూసే చవకైన పరీక్ష ఉంది. మార్పు కనిపిస్తే ఆ కాస్త భాగాన్నే గడ్డకట్టించో, వేడితో మాడ్చో, తీగతో కోసో తీసేయవచ్చు. చాలామందికి అదేరోజు ఇంటికెళ్లే చికిత్స. 2019-21 సర్వేలో 30 నుంచి 49 ఏళ్ల భారతీయ మహిళల్లో ఈ ముఖద్వారం క్యాన్సర్ పరీక్ష ఒక్కసారైనా చేయించుకున్నవారు రెండు శాతం కూడా లేరు. పరీక్ష చేయని చోట భయం చెప్పడం, భయం చెప్పి అవయవం తీయడం ఏ వైద్యధర్మం?

తీసేశాక ఏమవుతుందో కూడా చెప్పాలి కదా. "పనిలోపని" అంటూ గర్భసంచితోపాటు రెండు అండాశయాలనూ తీసేస్తే ముప్ఫై ఏళ్లు దాటిన మనిషికి రాత్రికి రాత్రి ముట్లుడిగిన స్థితి వస్తుంది. ఒళ్లంతా వేడి ఆవిర్లు, నిద్రపట్టకపోవడం, ఎముకలు గుల్లబారడం, గుండెజబ్బు ముప్పు పెరగడం, ఇవన్నీ మీకు తెలిసినవే. అండాశయాలను ఉంచినా కొందరిలో అవి మామూలు కంటే ముందే పని తగ్గిస్తాయి. కూలిపని మీద బతికే మనిషికి ఎముక బలమే ఆస్తి. నలభై ఏళ్లకే ఆ ఆస్తి తరగడం మొదలైతే మిగిలిన జీవితమంతా ఎవరు పోషిస్తారు? జబ్బులేని అండాశయాలను ముట్లు ఆగని వయసులో ఉంచడమే మేలని మీ శాస్త్రమే చెబుతోంది. డిశ్చార్జి కాగితంలో అండాశయాలు ఉంచారో తీశారో రోగికి తెలిసేలా తెలుగులో రాసే ఆసుపత్రులు మన జిల్లాలో ఎన్ని?

ఉద్దేశం మారితే సమ్మతి కూడా మారాలని సుప్రీంకోర్టు ఎప్పుడో చెప్పింది. 2008 జనవరిలో వచ్చిన తీర్పు అది. నలభై నాలుగేళ్ల అవివాహిత ఢిల్లీలో అధిక రక్తస్రావంతో ఒక వైద్యురాలి దగ్గరికి వెళ్లింది. లోపల ఏముందో చూసే లాప్రోస్కోపీ అని మత్తు ఇచ్చారు. ఆమె మత్తులో ఉండగానే బయట కూర్చున్న తల్లిని అడిగి గర్భసంచి, అండాశయాలు, నాళాలు అన్నీ తీసేశారు. జబ్బు తెలుసుకోవడానికి ఇచ్చిన ఒప్పుకోలు చికిత్సకు చెల్లదనీ, ప్రాణం మీదికి రాని సందర్భంలో తెలివున్న వయోజనురాలి బదులు ఇంకొకరు ఒప్పుకోవడానికి వీల్లేదనీ కోర్టు తేల్చింది. చికిత్స స్వభావం, ఉద్దేశం, లాభాలు, ప్రమాదాలు, వేరే దారులు చెప్పాకే సమ్మతి సమ్మతి అవుతుందని కూడా చెప్పింది. ఇప్పుడు మీ ఆసుపత్రుల్లో సంతకం తీసుకునే కాగితం ఒకసారి తీసి చూడండి. అది ఏ భాషలో ఉంది? అందులో ఉద్దేశం రాసే గడి ఉందా? ఖాళీ కాగితం మీద భర్త సంతకమో, తమ్ముడి సంతకమో తీసుకుని, ఆమె చేత వేలిముద్ర వేయిస్తే, ఆ కాగితం ఆమెను కాపాడుతుందా, మిమ్మల్ని కాపాడుతుందా?

"వాళ్లే వచ్చి తీసేయమని అడుగుతున్నారు" అనేది మీరు చెప్పే మొదటి మాట. నిజమే, అడుగుతున్నారు. ఎందుకు అడుగుతున్నారో ఒక్కసారి లోపలికి వెళ్లి చూడాలి. 2019-21 సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15–49 ఏళ్ల పెళ్లయిన ఆడవాళ్లలో దాదాపు డెబ్భై శాతం మంది పిల్లల ఆపరేషన్ చేయించుకున్నవారే. మగవాళ్లలో అది అర శాతం కూడా లేదు. కుటుంబ భారమంతా మోసిన ఒంటి మీదే ఇంకో కోత మామూలైపోయింది. అదే సర్వేలో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం మందికి రక్తహీనత. బురదలో మోకాళ్లదాకా దిగి నాట్లు వేస్తూ, రొయ్యల షెడ్లలో గంటల తరబడి నిలబడి పనిచేస్తూ, గుడ్డ మార్చుకునే చాటు కూడా లేని చోట బహిష్టు రోజులు గడిపే మనిషి "ఇది లేకపోతే బాగుండు" అనుకోవడంలో తప్పేముంది? ఆమె అడిగేది నొప్పి లేకుండా పనికి పోవడం. దానికి గర్భసంచి తీయడమే దారి అని ఆమె పుట్టుకతో నేర్చుకురాలేదు, ఎవరో చెప్పారు. రక్తం ఎక్కువ పోతుంటే ఆ రోజుల్లో మాత్రమే వేసుకునే ట్రానెక్సమిక్ ఆమ్లం మాత్రలున్నాయని, రక్తం పట్టడానికి ఐరన్ ఉందని, లోపల అమర్చితే కొన్నేళ్లపాటు రక్తస్రావం బాగా తగ్గించే హార్మోన్ లూప్ ఉందని, గడ్డను మాత్రమే తీసి గర్భసంచిని ఉంచే ఆపరేషన్ ఉందని అన్నీ విన్న తర్వాత కూడా ఆమె తీసేయమనే అంటే, ఆ నిర్ణయానికి అడ్డుపడే హక్కు నాకూ లేదు, మీకూ లేదు. నేను కోరేది ఆ "అన్నీ విన్న తర్వాత" అన్నదాన్నే.

రెండో మాట: "నాగాయలంక నుంచో కోడూరు నుంచో వచ్చే బీదవాళ్లు మళ్లీ మళ్లీ తిరగలేరు, ఒక్క ఆపరేషన్‌తో పోతుంది కదా." ఇది నాకూ బాధ కలిగించే వాదనే, ఎందుకంటే ఇందులో కొంత నిజముంది. మందులు వాడుతూ ఆరునెలలకోసారి వచ్చిపోవడం కూలి పోగొట్టుకునే పనే. అయితే కోసిన కడుపు మానేదాకా బరువెత్తకూడదన్న వారాల కూలి, ఆసుపత్రికి చేసిన అప్పు, దాని వడ్డీ, తర్వాత వచ్చే ఎముకల నొప్పులకు పెట్టే ఖర్చు ఈ లెక్కలో ఎందుకు కలపరు? అసలు తప్పు ఇంకోచోట కూడా ఉంది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ, ఇప్పటి ఎన్టీఆర్ వైద్యసేవ, ముఖ్యంగా ఆసుపత్రిలో చేర్చుకుని చేసే చికిత్సలకు డబ్బు కడుతుంది. మాత్రలకూ లూప్‌కూ మళ్లీ వచ్చి చూపించుకోవడానికీ చాలావరకు ఆడమనిషే జేబు తడుముకోవాలి. కోస్తే ప్రభుత్వం ఇచ్చి, కోయకపోతే రోగి ఇచ్చుకునే ఏర్పాటులో కోత వైపు మొగ్గు ఉండక ఏముంటుంది? ఈ సంగతి మీకంటే బాగా ఎవరికీ తెలియదు. ఆ పథకంలోని నెట్‌వర్క్ ఆసుపత్రులు బకాయిల కోసం సేవలు ఆపి మరీ ప్రభుత్వాన్ని నిలదీశాయి. స్త్రీల రక్తస్రావానికి మందులతో చేసే వైద్యాన్ని పథకంలో చేర్చమని అదే గట్టి గొంతుతో మీ సంఘాలు ఎందుకు అడగవు? మీరు అడిగితే మీ వెనక నిలబడే ఆడవాళ్లు ఈ జిల్లాలో ప్రతి ఊళ్లోనూ ఉన్నారు.

"నేను చేయకపోతే పక్క ఆసుపత్రి చేస్తుంది, ఆర్‌ఎంపీ రోగిని అటే తీసుకెళతాడు" అన్న మూడో మాటకు పెద్దగా సమాధానం అక్కర్లేదు. పంపినవాడికి వాటా ఇచ్చే పద్ధతిని మీ వృత్తి నియమావళే నిషేధించింది. దాన్ని కలిసి మానుకోవడానికి మీకు సంఘం ఉంది, నెలనెలా సమావేశాలున్నాయి.

కాన్పు కోతల్లోనూ ఇదే కథ నడుస్తోంది, క్లుప్తంగా చెబుతాను. 2019-21 లెక్కల్లో రాష్ట్రంలో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే; ప్రైవేటులో అది 63 శాతం. సిజేరియన్లు పది శాతం దాటి పెరిగినంత మాత్రాన తల్లీబిడ్డల మరణాలు తగ్గినట్టు కనబడలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. అడ్డం తిరిగిన బిడ్డకు కోత ప్రాణదానం. ముహూర్తం కోసమనో, రాత్రిపూట ఎదురుచూడటం కష్టమనో చేసే కోతను కూడా "బిడ్డకు ఉమ్మనీరు తగ్గింది, ఇప్పుడే చేయాలి" అని చెప్పి చేస్తే, నిజంగా ఆపద వచ్చిన రోజున మీ మాట ఎవరు నమ్ముతారు? ఆసుపత్రుల మీద దాడులు జరుగుతున్నాయని మీరు ఆవేదన చెందుతున్నారు. ఆ దాడులను నేను ఏ కారణంతోనూ సమర్థించను. కానీ వైద్యుడు చెప్పే "అర్జెంటు" మీద జనానికి నమ్మకం పోవడం ఎవరికి ఎక్కువ నష్టమో ఆలోచించండి.

అనవసరపు గర్భసంచి ఆపరేషన్ల మీద బీహార్, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్ ఉదంతాలతో వేసిన వ్యాజ్యంలో 2023 ఏప్రిల్ 5న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. కేంద్రం 2022లో తయారుచేసిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలుచేయమని అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. జిల్లా, రాష్ట్ర, జాతీయ స్థాయిల్లో పర్యవేక్షణ కమిటీలు ఉండాలని, ప్రభుత్వ, ప్రైవేటు ఆసుపత్రులు రెండూ చేసిన ప్రతి ఆపరేషన్ వివరాలూ ఇవ్వాలని, నలభై ఏళ్లలోపు వారి విషయంలో కారణం ప్రత్యేకంగా చూడాలని ఆ మార్గదర్శకాలు చెబుతున్నాయి. స్త్రీకి తెలియజెప్పి ఒప్పుకోలు తీసుకోకుండా గర్భసంచి తీసినట్టు తేలిన ఆసుపత్రులను నల్లజాబితాలో పెట్టాలని కోర్టు స్పష్టంగా అంది. 2002 నాటి రాష్ట్ర చట్టం కింద మీ ఆసుపత్రులు జిల్లా వైద్యాధికారుల దగ్గర రిజిస్టరై ఉన్నాయి. వివరాలు అడిగేదాకా ఆగడమెందుకు? మీరే ఇవ్వవచ్చు. ప్రతి గర్భసంచి ఆపరేషన్‌కు ముందు ఇది అత్యవసరమా, ఆగవచ్చా, ఏ జబ్బుకు, దానికి ఆధారం ఏ పరీక్ష, ఇంతకుముందు ఏ మందు ఎన్నాళ్లు వాడారు, అండాశయాలు ఉంచుతారా అన్నవి తెలుగులో రాసి, చదివి వినిపించి, కాపీ ఆమె చేతికివ్వండి. ఆగవచ్చు అని రాసిన ప్రతి సందర్భంలో ఇంకో వైద్యుణ్ణి సంప్రదించే హక్కు ఉందని చెప్పండి. జాతీయ మానవ హక్కుల సంఘం రూపొందించిన రోగుల హక్కుల పత్రంలో అది ఉంది. తీసిన గర్భసంచిని పరీక్షకు పంపిన నివేదికను ఆమెకు ఇవ్వండి. తీయాల్సిన అవసరం నిజంగా ఉందో లేదో తేల్చుకోవడానికి ఆ నివేదిక తోడ్పడుతుంది కాబట్టి, దాన్ని మీరూ ఏడాదికోసారి కలిసి కూర్చుని చదువుకోండి.

మచిలీపట్నంలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల తెరిచారు. అక్కడ చేరిన పిల్లలు వార్డుల్లో రోగుల పక్కన నిలబడి పని నేర్చుకుంటున్నారు. వాళ్లలో కొందరు రేపు పామర్రులోనో చల్లపల్లిలోనో కూచిపూడిలోనో మీ పక్కనే బోర్డు కట్టుకుంటారు. ముప్ఫై అయిదేళ్ల ఆడమనిషి తెల్లబట్ట అని వచ్చినప్పుడు మొదట ఏం అడగాలో, ఏ పరీక్ష రాయాలో, ఏ మాట అనకూడదో వాళ్లు మీ దగ్గరే చూసి నేర్చుకుంటారు. గత మూడేళ్లలో మీ ఆసుపత్రిలో నలభై ఏళ్లలోపు ఎందరికి గర్భసంచి తీశారు, ఏ కారణానికి తీశారు, వాళ్లలో ఎందరికి ముందు మందులు వాడి చూశారు అన్న లెక్కను పేర్లు లేకుండా జిల్లా వైద్య ఆరోగ్యాధికారికి పంపండి, మీ ఆసుపత్రి నోటీసు బోర్డు మీద కూడా పెట్టండి. మొదట పెట్టే ఆసుపత్రి పేరు నలుగురికీ చెప్పడానికి నేను సిద్ధంగా ఉన్నాను.

ఇట్లు,
కూచిపూడి నుంచి ఒక పౌరుడు